పాత సైకిళ్ళ పెళ్ళిచూపులు

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి చెబుతారు. కాకపోతే డిస్నీలాండు గురించి చెబుతారు. నేను 2023లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు వుండివచ్చి, కనిపించినవాళ్ళందరితో పాత సైకిళ్ళ గురించి చెబుతున్నాను. మా వీధివాళ్ళు నావంక అదోలా చూస్తున్నారు. "అంత ఖర్చు పెట్టుకుని విమానమెక్కి వెళ్ళి మీవారు చూసొచ్చింది సైకిళ్ళా?" అని పక్కింటావిడ మా ఆవిడని అడిగిందట. "అవునండీ, అందులోనూ పాతవి" అన్నదట మా ఆవిడ.

అందులో అబద్ధమేమీ లేదు. నయాగరా కూడా చూడకపోలేదు. నీళ్ళు చాలా వున్నాయి. కాని దాన్ని గురించి నాకంటె బాగా చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు గనక వాళ్ళకే వదిలేస్తాను.

మా అబ్బాయి వుండేది కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో. కంప్యూటర్ల ఉద్యోగం. వెళ్ళిన మొదటి రోజునే ఒక సంగతి గమనించాను. వాడి కారు ఎండలో నిలబడివుంది. కారు వుండవలసిన షెడ్డులో, గోడకి కొక్కెం కొట్టి, కింద పాత దుప్పటి పరిచి, ఒక సైకిలు వేళ్ళాడదీసివుంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను వాకిట్లో పెట్టి అమ్ముకుంటుంటే అరవై డాలర్లకి కొన్నాడట. దాని మీద ఆ తరవాత పెట్టిన ఖర్చెంతో మా కోడలికి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కోడలికి తెలుసునని నాకు తెలుసు.

దాన్ని కొండ సైకిలు అంటారు. మనం ఎరిగిన సైకిలు పోలిక తక్కువ. టైర్లు లావు, వాటి మీద మొక్కజొన్న కంకి మీద గింజల్లాగ వరసగా గుబ్బలు. హ్యాండిలు వంపు తిరక్కుండా అడ్డకర్రలా తిన్నగా వుంటుంది. మడ్‌గార్డులు లేవు, చైను కవరు లేదు, బెల్లు లేదు, స్టాండు లేదు. వెనక క్యారియరు కూడా లేకపోవడం చూసి మా ఆవిడ, "బియ్యం మూట పెట్టుకోడానికి చోటు లేనిది సైకిలెలా అవుతుందిరా?" అని అడిగింది. మా అబ్బాయి దగ్గర జవాబు లేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పకపోతే నా కథ ముందుకు నడవదు. పాఠకులు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. నేను నెల రోజులు పట్టాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మెరీన్ అనే జిల్లా. అందులో టమల్పాయస్ అనే కొండ, ఎత్తు 2,500 అడుగుల పైచిలుకు. 1970 తరవాత అక్కడి కుర్రవాళ్ళు కొందరికి ఒక వెర్రి పుట్టింది. పాత సామాన్ల కొట్లలోంచి ముసలి సైకిళ్ళు చవగ్గా కొని, కొండ మీదికి తీసుకుపోయి, అక్కణ్ణించి కిందికి దూకించడం. అవి రెండో ప్రపంచ యుద్ధానికి ముందు షికాగోలో ష్విన్ కంపెనీవారు చేసినవి. ఆ కంపెనీ 1933లో తెచ్చిన బెలూన్ టైర్లు, అంటే గాలి దిండుల్లాంటి లావు టైర్లు, వీటికి వుండేవి. బరువు ఇరవై కిలోలు దాటేది. వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు క్లంకరు. మన భాషలో డొక్కు అన్నమాట.

ఈ డొక్కులకి చేతి బ్రేకు లేదు. పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బు లోపలే బ్రేకు పడుతుంది. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి పక్క కొండదారిలో ఒక పందెం పెట్టుకున్నారు. దారి సుమారు రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళలోనూ 1,300 అడుగుల పల్లం! గడియారం చూసి ఒక్కొక్కణ్ణే వదిలేవారు. ఆ దారిన గారీ ఫిషర్ అనే ఆయన నాలుగు నిమిషాల 22 సెకన్లలో దిగాడు, అదే రికార్డు. అడుక్కి వచ్చేసరికి బ్రేకు వేడికి హబ్బులో గ్రీజంతా కాగి పొగయిపోయేది. హబ్బు విప్పి, కొత్త గ్రీజు దట్టిస్తేగాని రెండోసారి దిగడానికి లేదు. అలా మళ్ళీ దట్టించడాన్ని వాళ్ళ భాషలో రీపాక్ అంటారు. ఆ దారికే రీపాక్ అని పేరు పడిపోయింది.

ఈ కథ మా అబ్బాయి చెబుతుంటే నేను నవ్వాను. వాడు కొండ సంగతి విని నవ్వాననుకున్నాడు. నేను నవ్వింది గ్రీజుకి. ఊరి పేరో, దేవుడి పేరో, దొరగారి పేరో పెట్టడం చూశాను గాని, ఓవరాయిలింగు పేరు పెట్టిన దారి భూమండలంలో అదొక్కటేనేమో!

తరవాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత డొక్కులు విరుగుతూ వుంటే, జో బ్రీజ్ అనే ఆయన 1977లో కొండ కోసమే మంచి ఉక్కు గొట్టాలతో కొత్త ఫ్రేము కట్టాడు. 1979లో టామ్ రిచీ ఫ్రేములు కడుతుంటే గారీ ఫిషరూ, పందేలు నడిపిన చార్లీ కెల్లీ కలిసి వాటిని అమ్మే కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీవారు జపానులో చేయించి 'స్టంప్‌జంపర్' అనేదాన్ని మామూలు షాపుల్లోకి తెచ్చారు. అంటే మొద్దుల మీంచి దూకేది. అటువంటిది ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంవారి దగ్గర వుంది. మా అబ్బాయి షెడ్డులో వేళ్ళాడుతున్నది దాని చెల్లెలు, 1984 నాటిది. నీలం రంగు.

వాడు దాని ప్రతి కీలూ విప్పి, తుడిచి, అమర్చాడు గాని ఒక్క దగ్గర ఓడిపోయాడు. సీటు కింద గొట్టం ఫ్రేములోంచి రాదు. గొట్టం అల్యూమినియం, ఫ్రేము ఉక్కు. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా చెమటా, వానా తగిలి రెండూ ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. వాడు మెలిపెడతాడు, సుత్తితో కొడతాడు, తిట్టుకుంటాడు. రంపంతో కోసేస్తానన్నాడు. రాత్రి పది గంటలకి నేను మంచినీళ్ళకని లేచి షెడ్డులోకి తొంగిచూశాను. ఎందుకు నోరు తెరిచానో తెలియదు.

"పైనుంచి నూనె పోస్తే ఏం లాభంరా? అది పట్టుకున్నది అడుగున. పెడలు ఇరుసు విప్పేసి, సైకిలు తలకిందులు చేసి, ఆ గూట్లోంచి పొయ్యి. రాత్రల్లా అలాగే వుంచు. రేపు మళ్ళీ పొయ్యి. మూడోనాడు సీటు గొట్టాన్ని శనంలో బిగించి, గొట్టాన్ని కాదు, ఫ్రేముని తిప్పు" అన్నాను.

వాడు నావంక చూశాడు. "మీకెలా తెలుసు నాన్నా?"

"ఎక్కడో చదివాను" అన్నాను.

నాలుగోనాడు సాయంత్రం షెడ్డులోంచి పెద్ద కీచుమన్న శబ్దమూ, ఆ వెనకే మా అబ్బాయి కేకా వినిపించాయి. గొట్టం వచ్చింది. వాడు దాన్ని పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి పురిటిగది బయట మంత్రసాని బిడ్డని చూపించినట్టు అందరికీ చూపించాడు. మా ఆవిడ నావంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ అక్టోబరులో ఒక ఆదివారం ఫెయిర్‌ఫాక్స్‌లోనే పాత కొండ సైకిళ్ళ అభిమానులు కలుసుకుంటున్నారని, నన్నూ రమ్మనీ మా అబ్బాయి అడిగాడు. వాళ్ళకి సంఘమంటూ, అధ్యక్షుడంటూ ఏమీ లేదు. కబురు పెట్టుకుంటారు, వస్తారు. పెద్ద పెద్ద ఓక్ చెట్ల కింద ముప్ఫై సైకిళ్ళ దాకా వున్నాయి. మనుషులు నలభై మంది వుంటారు. తెల్ల గడ్డాలే ఎక్కువ.

అక్కడ నాకు ముందుగా తట్టింది పెళ్ళిచూపులు. అబ్బే, పరిహాసానికి కాదు. ఒక్కరూ తొక్కరు! ఎవరి సైకిలు వాళ్ళు మెల్లగా నడిపించుకొస్తారు, చెట్టుకి ఆనిస్తారు, పక్కన నిలబడి తమకేమీ పట్టనట్టు దిక్కులు చూస్తారు. వచ్చినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తారు. తరవాత గోత్రాలు మొదలవుతాయి. ఏ సంవత్సరం? ఎవరు కట్టిన ఫ్రేము? రంగు పుట్టినప్పటిదేనా, మధ్యలో వేసిందా? బ్రేకులు ఆ ఏటివేనా? మాట మీద నమ్మకం లేనివాడు సైకిలుని తలకిందులు చేయించి, పెడలు గూటి కింద చెక్కిన నంబరు చదువుకుంటాడు. జాతకం కలిసిందా, సరే. లేదా, నోరు విప్పడు, తల మాత్రం మెల్లగా ఆడిస్తాడు. ఆ తల చూసి సైకిలుగలాయన మొహం ఇంత చేసుకుంటాడు.

ఫొటో తీయడానికి కూడా శాస్త్రం వుంది. చైను వున్న వైపునుంచే తియ్యాలి. చైను పెద్ద పళ్ళచక్రం మీద వుండాలి. టైరు మీద పేరు సరిగ్గా గాలి వాల్వు దగ్గరికి రావాలి. పేరొకచోట, వాల్వొకచోట వుంటే, ఎక్కించినవాడికి శ్రద్ధ లేదని లెక్క. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకో తరవాత చెబుతాను.

మా అబ్బాయి ఒక్కొక్కటే చూపించుకుంటూ వెళ్ళాడు. రిచీ కట్టినవాటికి హ్యాండిలూ, దాన్ని పట్టే మెడా కలిపి ఒకటే ముక్క, మూడుకోణాలుగా, ఎద్దు కొమ్ముల్లా ఠీవిగా వుంది. అతుకు పెట్టిన చోట వేలితో రాస్తే అతుకు తెలియదు. మైనం పూసి నున్నగా దిద్దినట్టుంటుంది. నిజంగా గొప్ప పనితనం. ఇంకోదానికి ముందు ఫోర్కులో స్ప్రింగులాటి ఏర్పాటు. రాక్‌షాక్స్ అనే కంపెనీవారు 1990 ప్రాంతాల అలాంటివి అమ్మకానికి తెచ్చారట. ఆ రోజుల ఫోర్కులు కొన్నింటిలో లోపల రబ్బరు బిళ్ళలుంటాయి. ముప్ఫయ్యేళ్ళకి అవి కరిగి తుమ్మజిగురులా అయిపోతాయిట. ఇనుముకి ముసలితనం రాలేదు గాని రబ్బరుకి వచ్చింది. కొత్త రబ్బరు ఎవరి దగ్గర దొరుకుతుందో చెవులు కొరుక్కుంటున్నారు.

ఒక ఆకుపచ్చ సైకిలు దగ్గర నేను మా అబ్బాయి చొక్కా లాగి, "ఒరే, పాపం ఆయన పళ్ళచక్రం వంగిపోయిందిరా. కోడిగుడ్డులా వుంది. చూసుకోలేదు కాబోలు, చెప్పు" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. షిమానో కంపెనీవారు 1983లో కావాలనే అలా కోలగా చేశారట. కాళ్ళ బలం ఒక చుట్టులో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వుంటుంది కనక చక్రాన్ని దానికి తగ్గట్టు మలిచారట. తరవాత తొక్కేవాళ్ళకి నచ్చక మానేశారట. నా సలహా ఆ ఆకుపచ్చ సైకిలాయనకి చెబితే ఆయన ఇంకా గట్టిగా నవ్వి నాకు కాఫీ తెచ్చి ఇచ్చాడు.

ఈలోగా చెట్టు కింద ఒక తగువు. ఒక కుర్రవాడు తన సైకిలుకి రంగంతా గీకించి, కొత్త రంగు కాల్చి వేయించి, కొత్త అక్షరాలు అతికించి తెచ్చాడు. మిలమిల మెరుస్తోంది. దాని పక్కన ఒక పెద్దాయనది. అదే కంపెనీ, అదే సంవత్సరం. ఆయన రంగు ముట్టుకోలేదు. బారు మీద, తాళం గొలుసు రాసుకున్నచోట రంగు పోయి ఉక్కు కనిపిస్తోంది. ఆ గీతలన్నీ తనవేనట. కొన్నప్పటినుంచీ ఆయనే తొక్కుతున్నాడట. "నీ సైకిలు జ్ఞాపకం పోగొట్టుకున్నది" అని పెద్దాయన. "మీ సైకిలు స్నానం చెయ్యలేదు" అని కుర్రవాడు. చుట్టూ చేరినవాళ్ళు రెండు పక్షాలయ్యారు. మా అబ్బాయి పెద్దాయన పక్షం. నేనేమీ అనలేదు గాని, నన్నడిగితే ముందు చక్రం ఎత్తి తిప్పి చూడమంటాను. రంగు సంగతి ఆ తరవాత.

అడక్కుండానే ఆ పని జరిగింది. ఆ పెద్దాయనే, పనిలో పనిగా, తన ముందు చక్రం సాఫీగా తిరగడం లేదని, కొత్త బాల్సు, కొత్త గ్రీజు వేసినా గరగరమంటోందని మా అబ్బాయికి చెబుతున్నాడు. నా చెయ్యి నా మాట వినలేదు. హ్యాండిలు పట్టుకుని ముందు చక్రం నేల మీంచి లేపి, వేలితో చిన్నగా తోసి వదిలాను.

సరిగా బిగించిన చక్రం ఆగబోయేముందు ఒక పని చేస్తుంది. వాల్వు వున్నచోట కాస్త బరువు ఎక్కువ కదా. ఆ బరువు కిందికి లాగుతుంది. చక్రం ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి, ఊగి, వాల్వు అడుక్కి వచ్చి ఆగుతుంది. ఇది అలా ఊగలేదు. బ్రేకు వేసినట్టు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇరుసు కొస రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పాను. ఇసక నలిగినట్టు వేళ్ళకి తెలిసింది.

"కోన్లు బిగువయినాయి" అన్నాను ఇంగ్లీషులో. "పానా వుందా?"

ఎవరో సన్నని పానాలు రెండు ఇచ్చారు. గడ్డి మీద చతికిలబడి చక్రం విప్పి, లాకు నట్టు వదులు చేసి, కోను పావు చుట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ బిగించాను. డెబ్భయి మూడేళ్ళవాణ్ణి, అలా గొంతుక్కూచుని ఎన్నాళ్ళయిందో! ఇరుసు వేళ్ళతో తిప్పితే వెన్నలా తిరిగింది. పిసరంత కూడా ఆట లేదు. గర్వంగా చక్రం ఇచ్చాను. పెద్దాయన దాన్ని ఫోర్కులో పెట్టి మీట నొక్కి బిగించి తిప్పాడు. మళ్ళీ గరగర!

నా మొహం మాడిపోయింది. పెద్దాయన నవ్వలేదు. నా పక్కనే గడ్డి మీద కూచుని ఎంతో మర్యాదగా చెప్పాడు. మన సైకిళ్ళకి ఇరుసు నట్లుంటాయి. వీటికి నట్లు లేవు. ఇరుసు బోలుగా వుండి, లోపల ఒక కడ్డీ, కొసన ఒక మీట. మీట నొక్కితే ఆ పట్టుకి ఇరుసు వెంట్రుకవాసి కుంచించుకుపోయి కోన్లు ఇంకా బిగుసుకుంటాయి. అందుకని బయట వున్నప్పుడు కాస్త ఆట వదిలెయ్యాలి. మీట నొక్కాక ఆ ఆట పోవాలి. ఈసారి ఇద్దరం కలిసి చేశాం. మూడోసారికి కుదిరింది. చక్రం ఊగింది. ఊగి, ఊగి, వాల్వు అడుక్కి వచ్చి ఆగింది.

చుట్టూ నిలబడినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, "ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు.

మా అబ్బాయి నావంకే చూస్తున్నాడు. ఎక్కడో చదివానంటే ఇప్పుడు నమ్మడు.

మా నాన్నకి తెనాలిలో, కాలవ ఒడ్డున సైకిలు కొట్టు వుండేది. కొట్టంటే రేకుల పాక. అద్దె సైకిళ్ళు ఆరు, గాలి పంపు ఒకటి, పంక్చరు చూడ్డానికి నీళ్ళ బేసిను ఒకటి. పదేళ్ళవాణ్ణప్పటినుంచి బడి వదలగానే అక్కడే వుండేవాణ్ణి. చక్రం తిప్పి వాల్వు అడుక్కి వచ్చేదాకా చూడనిదే ఆయన ఏ సైకిలూ బయటికి పంపేవాడు కాదు. టైరు ఎక్కిస్తే కంపెనీ పేరు వాల్వు దగ్గరికే రావాలి. రాకపోతే మళ్ళీ విప్పించేవాడు. ఎందుకని అడిగితే, "పంక్చరయినప్పుడు ట్యూబులో చిల్లి దొరికిందనుకో, టైరులో ముల్లు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు" అనేవాడు. అందుకే అక్కడ ఫొటోల శాస్త్రం చూసి నాకు నవ్వు రాలేదు.

కాలేజీలో చేరాక కొట్టుకి వెళ్ళడం మానేశాను. గోళ్ళలో నలుపు పోయేదాకా సబ్బుతో తోమేవాణ్ణి. 1967లో ఒకనాడు నలుగురు స్నేహితులం సైకిళ్ళ మీద వస్తుంటే ఒకడిది సరిగ్గా కాలవ దగ్గర పంక్చరయింది. వాడు మా నాన్న కొట్టు ముందే దిగాడు. నేను వెనక నిలబడి కాలవలో పడవలు చూస్తున్నాను. మా నాన్న నన్ను చూశాడు. నేను చూడనట్టు వున్నాను. ఆయనకి అర్థమయింది. ట్యూబు తీసి, ప్యాచీ వేసి, టైరు ఎక్కించి, చక్రం తిప్పి వాల్వు ఆగేదాకా చూశాడు. మావాడు అర్ధరూపాయి ఇచ్చాడు. ఆయన పావలా తీసుకుని పావలా తిరిగి ఇచ్చాడు. "వెళ్ళిరండి బాబూ" అన్నాడు, నలుగురితోనూ కలిపి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఏమన్నా అంటాడని భయపడ్డాను. మజ్జిగ పోసుకుంటూ, "మీ స్నేహితుడి వెనక టైరు అరిగిపోయిందిరా. మార్చుకోమను" అన్నాడు. అంతే. తరవాత పన్నెండేళ్ళు బతికాడు గాని, ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు బ్యాంకిలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు 'సైకిళ్ళ వ్యాపారం' అన్నాం. 1979లో ఆయన పోయాడు. మా అబ్బాయి పుట్టింది 1982లో. వాడికి నేను 'తాతగారిది వ్యాపారం' అని చెప్పాను. వాడు ఏ వ్యాపారమని అడగలేదు.

ఇదంతా చెట్టు కింద ఆ పెద్దాయనకి చెప్పలేదు. "మా నాన్న దగ్గర. ఆయన సైకిళ్ళు బాగుచేసేవాడు" అన్నాను. అదొక్క వాక్యం ఇంగ్లీషులో తేలిగ్గానే వచ్చింది. తెలుగులో వచ్చివుండేది కాదేమో. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇద్దరి చేతులూ గ్రీజే.

ఆ ఊళ్ళో 2015లో తెరిచిన సైకిళ్ళ మ్యూజియం కూడా వుంది. పందొమ్మిదో శతాబ్దం నాటి పెద్ద చక్రాల సైకిళ్ళనుంచి అన్నీ పెట్టారు. ఒక గంట తిరిగాం. ఏం చూశానో నాకు సరిగ్గా గుర్తులేదు. నా పక్కన మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా నడుస్తున్నాడు.

గోల్డెన్ గేట్ దాటాక నోరు విప్పాడు. కోప్పడతాడనుకున్నాను. "అద్దె సైకిళ్ళు ఏ కంపెనీవి?" అన్నాడు. హెర్క్యులిస్‌లు అని చెప్పాను, మద్రాసులో చేసినవి. "గంటకి ఎంత?" "పాకకి పేరుందా?" "అద్దెకి తీసుకుని పారిపోయినవాళ్ళు లేరా?" ఒకటా రెండా! ఇల్లు చేరేదాకా అడుగుతూనే వున్నాడు. చివరికి నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది.

"తాతగారికి సొంత సైకిలు వుండేదా?"

వుండేది. రాలీ. నాటింగ్‌హామ్‌లో చేసిన అసలు రాలీ. ఆకుపచ్చ రంగు, రాడ్డు బ్రేకులు, పళ్ళచక్రంలో మూడు కొంగ తలలు. ఒక రెవెన్యూ ఉద్యోగి దగ్గర సెకండుహ్యాండు కొన్నాడు. దాన్ని అద్దెకివ్వలేదు, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆదివారం ఆదివారం విప్పి తుడిచేవాడు.

"ఇప్పుడెక్కడుంది?"

1980లో ఇల్లు ఖాళీ చేస్తూ పాత ఇనప సామాన్లవాడికి వేశాను. వాడు తూకం వేశాడు. పద్ధెనిమిది కిలోలు. కిలో రూపాయిన్నర చొప్పున 27 రూపాయలు. చెప్పాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు గదా.

మా అబ్బాయి చాలాసేపు రోడ్డే చూస్తూ కారు నడిపాడు. తరవాత, "ఆ పళ్ళచక్రం ఒక్కటే ఇవాళ..." అని ఏదో ధర చెప్పబోయి ఆగిపోయాడు. వెనక సీట్లోంచి మా ఆవిడ, "పానాల పెట్టె వుందిగా అటక మీద" అన్నది.

నేను వెనక్కి తిరిగి చూశాను. కొట్టు తీసేసినప్పుడు మిగిలిన పనిముట్లు రేకు పెట్టెలో పెట్టి మావగారు తనకి అప్పగించారట, ఇంట్లో పనికొస్తాయని. బ్యాంకివాళ్ళు నన్ను బదిలీ చేసిన ప్రతి ఊరికీ ఆ పెట్టె మాతో వచ్చింది. నేను కుట్టు మిషను సామానని అనుకుంటున్నాను! "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "మీరు అడగలేదుగా" అన్నది. నలభై ఆరేళ్ళ సంసారంలో ఆవిడ ఇలాంటివి ఇంకా ఎన్ని దాచిందో తెలియదు.

తిరిగివచ్చిన మర్నాడే అటక ఎక్కించి పెట్టె దింపించాను. పట్టకారు, చైను పిన్ను కొట్టే మేకు, పుల్లలు బిగించే తాళం, సొల్యూషను డబ్బా, అది రాయయిపోయింది. అడుగున, గుడ్డలో చుట్టి, కోను పానా. ఆయన బొటనవేలు ఆనే చోట అరిగి గుంటపడివుంది. దాన్ని మాత్రం తుడవకుండా అలాగే పార్సెలు కట్టి మా అబ్బాయికి పంపాను. పంపడానికి అయిన ఖర్చుతో అలాంటివి కొత్తవి బోలెడు వచ్చేవి. పోస్టాఫీసులో అమ్మాయి 'విలువ ఎంత వెయ్యమంటారు?' అని అడిగితే ఏం చెప్పాలో తోచక యాభై రూపాయలన్నాను.

పార్సెలు అందిన రోజు రాత్రి ఫోను చేశాడు. పానా వాడి సైకిలుకి పట్టడం లేదట. మా నాన్నది అంగుళాల లెక్క, వాడిది మిల్లీమీటర్ల లెక్క.

"ఫరవాలేదు నాన్నా" అన్నాడు. "దీనికి పట్టే సైకిలు వెతుకుతున్నాను. ఆకుపచ్చదే. మీరు తాతగారి సైకిలు మడ్‌గార్డుల మీద బంగారు గీత వుండేదో లేదో గుర్తు చేసుకుని చెప్పండి."

నాకు గుర్తులేదు. మా ఆవిడని అడిగాను. ఒక గీత కాదు, రెండున్నదట.